నేత కనబడే ఫ్రేము

మా పెదనాయన పోయిన కబురు పోయిన నెల ఒక మధ్యాహ్నం వేలూరులో, నేను పనిచేసే కాలేజీ గ్రంథాలయంలో అందింది. నాన్న ఫోన్ చేసి, "అన్న పోయినాడమ్మా. అన్నం తిని పండుకున్నాడు, లేవలేదు" అన్నాడు. వెంటనే, "పొద్దున కె.వి.కుప్పం దాకా సైకిలు తొక్కి వచ్చినాడంట" అన్నాడు. ఆ రెండో మాట చెప్పేటప్పుడు నాన్న గొంతులో దుఃఖంతో పాటు కొంచెం గర్వం కూడా ఉంది. గుడియాత్తం బస్సులో కూర్చుని దారంతా నేనూ ఆ రెండో మాటనే పట్టుకుని వెళ్ళాను.

పెదనాయన గుడియాత్తంలో లుంగీలు నేసేవాడు. నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు దించుకుని, కింద పలకలు తొక్కుతూ నేసే మగ్గం ఆయనది. ఆయనకూ పెద్దమ్మకూ పిల్లలు లేరు. ఆదివారాలు నేను వేలూరు నుంచి వాళ్ళింటికి పోయేదాన్ని. నేను మాట తక్కువ మనిషిని. ఆ ఇంట్లో అదొక లోటుగా ఎవరూ చూడలేదు. మగ్గం చప్పుడులో ఎవరి మాటా పెద్దగా వినిపించదు.

కాట్పాడి యూనివర్సిటీ పిల్లలు కొందరు ఆదివారం పొద్దున రేసు సైకిళ్ళ మీద మా ఊరి వైపు వచ్చి, వీధి చివర టీ తాగి వెనక్కి పోతుంటారు. ఒకసారి పెదనాయన అక్కడ టీ తాగుతూ, గోడకు ఆనించి ఉన్న ఒక సైకిలు గొట్టం మీద వేలు పెట్టి రుద్ది చూశాడు. ఇది గుడ్డ గదా అన్నాడట. గుడ్డ కాదు, కార్బన్ అన్నారు వాళ్ళు. రెండు పోగుల మీదుగా, రెండు పోగుల కిందుగా పోయిన ఏటవాలు నేత ఇది, కావాలంటే వంగి చూడండి అన్నాడు. చూశారు. కార్బన్ పోగులతో నేసిన గుడ్డకే జిగురు పట్టించి, గొట్టంలా గట్టిపరుస్తారని వాళ్ళలో ఒకతను చెప్పాడు. పెదనాయన సంతోషం పట్టలేక ఇంటికి వచ్చి, "ఒక్క వేలితో లేపినాను సైకిలును" అన్నాడు.

"లేపినావు సరే, దించి వచ్చినావా?" అంది పెద్దమ్మ.

ఆ ఏడే, అవసరాలు ఎన్ని వచ్చినా పాడకుండా చివరిదాకా ఆపుకున్న చీటీ ఆయన చేతికి వచ్చింది. మోకాళ్ళ నొప్పికి వేలూరులో చూసిన డాక్టరు, సైకిలు తొక్కడం మంచిదే, ఇంకొన్నేళ్ళు ఈ మోకాళ్ళు పనిచేస్తాయి, ఆ పైన నేను చెప్పలేను అన్నాడు. ఉన్నది ఒక చీటీ, ఒక జత మోకాళ్ళు. అలాంటి గొట్టాల ఫ్రేముతో తనకూ ఒక సైకిలు కావాలనుకున్నాడు. కొంటే ఒక్క ఫ్రేమే కొనగలడు. ఆ ఎంపిక తప్పయితే రెండోది కొనేందుకు డబ్బూ ఉండదు, తొక్కేందుకు కాళ్ళూ ఉండవు.

"ఈ కాళ్ళు చిన్నప్పటినుంచి తొక్కతానే ఉండాయి. ఒక్క గజం ముందుకు పోయింది లేదు" అన్నాడు పెద్దమ్మతో.

"గుడ్డ పోయింది గదా" అంది పెద్దమ్మ. కానీ ఆ తర్వాత చీటీ మాట ఎత్తలేదు. అది ఆమె ఒప్పుకోవడం.

అప్పటినుంచి నా ఆదివారాలకు పని దొరికింది. ఫోన్‌లో ఇంగ్లీషులో ఉన్న ఫ్రేముల వివరాలు చదివి తెలుగులో చెప్పాలి. మా వాళ్ళలో చాలామందిలాగే ఆయన తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. ఇంగ్లీషు రాదు. కంపెనీల పేర్లు ఆయన నోట నిలిచేవి కావు. అందుకని వాటిని దేశాల పేర్లతో చుట్టాలను చేసుకున్నాడు. ఇటలీవాడు పెద్దింటి అల్లుడు. తైవాన్‌వాడు పెళ్ళిపనులన్నీ తానే చేసి భోజనానికి చివర కూర్చునే మేనమామ. బాగా ఖరీదైన ఫ్రేములు కూడా చాలామటుకు తైవాన్, చైనా ఫ్యాక్టరీల్లోనే తయారవుతాయనీ, పేరు మాత్రం వేరేవాళ్ళు వేసుకుంటారనీ చదివినప్పుడు ఆయన మగ్గం ఆపి నవ్వాడు. "మన లుంగీల మీద ఎవురి ముద్ర ఉండాదో చూసినావా ఎప్పుడన్నా?" అన్నాడు.

ఇటలీ ఫ్రేము ధర ఐదు లక్షల దగ్గర ఉంది. పెద్దమ్మ వంటింట్లోంచి అడిగింది.

"చక్రాలతోనేనా?"

"చక్రాలు వేరే పెద్దమ్మా."

"హ్యాండిలు?"

"అదీ వేరే."

"అయితే అయిదు లక్షలిచ్చి భుజాన ఏసుకోని నడిచి రావాల. పోదుం, నిరుత్తు." కోపం వస్తే పెద్దమ్మ తమిళంలోకి మారుతుంది. చాలు, ఆపు అని.

జర్మనీవాడు అంగడి లేకుండా నేరుగా ఇంటికే పంపుతాడు, అందుకని ధర తక్కువ. దళారీ లేకపోవడం పెదనాయనకు నచ్చింది, తాకకుండా కొనడం నచ్చలేదు. అమెరికావాడు జీవితాంతం గ్యారంటీ ఇస్తాడు. ఎవరి జీవితాంతం, నాదా సైకిలుదా అని అడిగాడు. చదివి చూశాను. మొదట కొన్నవాళ్ళ జీవితాంతం.

"అట్లయితే నేను ఎంత కాలం బతికితే వాళ్ళకు అంత నష్టం" అన్నాడు. ఆ రోజంతా ఆ మాట తలుచుకుని ఉత్సాహంగా నేశాడు.

చివరికి తైవాన్ మేనమామకు ఖాయం చేసుకుని ఇద్దరం పొద్దుటి రైలుకు బెంగళూరు వెళ్ళాం. అంగడి ఆయన తెలుగు తెలిసినవాడు. మేము అనుకున్న తైవాన్ ఫ్రేము బల్ల మీద పెట్టాడు. నల్లగా, నున్నగా ఉంది. పెదనాయన కళ్ళద్దాలు పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. వేలితో రుద్దాడు.

"దీంట్లో నేత యాడుండాది?"

నేత ఉండదని అంగడి ఆయన ఓపిగ్గా చెప్పాడు. ఇప్పటి మంచి ఫ్రేముల్లో పోగులన్నీ ఒకే వైపుకు పరిచి, పొర మీద పొర అంటిస్తారు. పైకి కనబడే నేత పాతకాలపు అలంకారమే, దానివల్ల బరువు తప్ప బలం రాదు.

"పడుగు ఉండాది, పేక లేదు" అన్నాడు పెదనాయన మెల్లగా. నిలువు పోగులున్నాయి, అడ్డపోగులు లేవని. "సగంలో మగ్గం దిగినట్ల ఉండాదే."

అప్పుడు ఆయన కళ్ళు గోడకు వేలాడుతున్న ఇంకో ఫ్రేము మీద పడ్డాయి. ఇటలీది. రెండు మూడేళ్ళ కిందటి నమూనా, అమ్ముడుపోక మిగిలింది. తగ్గించగా తగ్గించగా దాని ధరా తైవాన్ ఫ్రేము ధరా ఒకటే అయ్యాయి. పలచటి మెరుగు కింద ఏటవాలు నేత చక్కగా కనబడుతోంది. పెదనాయన దాని ముందు నిలబడిపోయాడు. బరువు ఎక్కువ, వేగం తక్కువ అని అంగడి ఆయన హెచ్చరించి, మీరైనా చెప్పండమ్మా అన్నట్టు నావైపు చూశాడు.

"పెదనాయనా, ఆయన చెప్పేది నిజమే. నేనూ చదివినాను" అన్నాను.

"నువ్వు చదివింది నేను కాదనను అమ్మా. నా వేలు ఒప్పుకోలేదు." కాసేపు చూసి, "ఆ ఎక్కువ బరువు పేకది. ఉండనీ" అన్నాడు.

చక్రాలూ గేర్లూ బిగించి సైకిలు ఇంటికి వచ్చాక పెద్దమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగింది. "మేనమామ అని పోయి అల్లుణ్ణి తెచ్చినావా" అంది. రేసు సైకిలు వాళ్ళు వేసుకునే బిగుతు నిక్కరు వేసుకుంటే తలుపు తీయనని కూడా అంది. లుంగీతో ఆ సైకిలు తొక్కడం కుదరదు. రెండు రోజులు చూసి, ఆమే మిగిలిన గళ్ళ లుంగీ గుడ్డతో, కూర్చునే చోట దూది పెట్టి, మోకాలి దాకా ఒక నిక్కరు కుట్టింది. కాట్పాడి పిల్లలు అలాంటివి తమకూ కుట్టివ్వమని అడిగితే, మీ అమ్మలను అడగండి పోండి అని పంపింది.

కొన్ని నెలలకు ఆ పిల్లల్లో ఒకతను తన సైకిలు ఆయనకిచ్చి తొక్కి చూడమన్నాడు. అది నేత లేనిది. పెదనాయన ఊరవతలి దాకా పోయి వచ్చి, మగ్గం పక్కన కూర్చుని నాతో చెప్పాడు. "ఆ అంగడాయన చెప్పింది సత్యమమ్మా. అది నా దానికన్నా బాగా పోతాది."

మనసు చివుక్కుమని ఉంటుందేమో అనుకున్నాను. చీటీ అయిపోయింది. ఇక మార్చే దారి లేదు.

"బాధగా ఉందా పెదనాయనా?"

"ఎందుకు బాధ? అది గోచి పెట్టుకోని ఉరుకుతాది. నాది మర్యాదగా గుడ్డ కట్టుకోని పోతాది." నవ్వాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "దాని మీద పోతాంటే దారి మాత్రమే చూసినానమ్మా. నా దాని మీద కిందకీ చూస్తాను, దారీ చూస్తాను."

ఆ సాయంత్రం నేను వేలూరు బస్సు ఎక్కాను. దారిలో ఉన్న లత్తేరి దాకా తోడు వస్తానని ఆయన సైకిలు తీశాడు. బస్సు ఆగిన ప్రతిచోటా ఆయన మమ్మల్ని దాటాడు. బస్సు కదిలాక మేము ఆయనను దాటాము. ఇలా కొంత దూరం పోయాక బస్సులో వాళ్ళకు విషయం తెలిసిపోయింది. కూరగాయల బుట్టతో ఉన్న ఒకామె, ఎవరా పెద్దాయన అని తమిళంలో అడిగింది. మా పెదనాయన అని చెప్పాను. అందరూ ఒకేసారి నావైపు చూశారు. నాకది కష్టంగా అనిపించలేదు. తర్వాతి స్టాపులో కండక్టరు, మనుషులు ఎక్కాక కూడా విజిల్ ఊదకుండా కాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

రైలు పట్టాల మీది వంతెన ఎక్కేచోట బస్సు గేరు మార్చి మూలగసాగింది. పెదనాయన సీటు మీద నుంచి లేచి, నిలబడి తొక్కుతూ పైకి పోయాడు. మొదట చక్రాలు కనబడకుండా పోయాయి, తర్వాత వీపు, తర్వాత తల. కాసేపు రోడ్డూ ఆకాశమూ మాత్రమే ఉన్నాయి. బస్సు పైకి చేరేసరికి అవతలి వాలులో ఆయన చాలా దూరం వెళ్ళిపోయి ఉన్నాడు. దిగుడులో తొక్కనక్కరలేదు, సైకిలు దానంతటదే పోతుంది. ఆయన తొక్కుతూనే ఉన్నాడు.