గిస్లా వాక్యం

దయ్యాల కథలు నేనెప్పుడూ నమ్మలేదు. దేవుడి మీద నమ్మకమే నాకు చాలు, మరో దానికి చోటు లేదు. ఇప్పుడు చెప్పేది కూడా దయ్యమని అనడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మేం దోహాలో అల్ అజీజియాలో ఉంటాం. మా వారు ఒక కంపెనీలో స్టోర్ కీపర్. నేను బడికి వెళ్ళలేదు. తెలుగూ, లెక్కలూ, ఇంగ్లీషు అక్షరాలూ మా అమ్మే నేర్పింది. ఆ కాస్త చదువే ఇక్కడ పని ఇప్పించింది. అందుకు అమ్మకి రోజూ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

పని మా వీధి చివర, ఒక జర్మన్ ప్రొఫెసర్ గారి దగ్గర. మధ్యయుగాల చరిత్ర ఆయన చదువు. భార్య పోయాక, ఇక్కడ ఉద్యోగం చేసే కూతురు హెల్గా ఆయన్ని తీసుకొచ్చి దగ్గర పెట్టుకుంది. ఎనభై దాటాయి, చూపు దాదాపు పోయింది.

ప్రొఫెసర్ గారి నాన్న యుద్ధం నుంచి తిరిగి రాలేదట. ఏ రోజు పోయాడో కూడా తెలియదట. ఆయన మాత్రం జీవితమంతా పోయినవాళ్ళ పేర్లతోనే గడిపారు. పూర్వం జర్మనీ మఠాల్లో చనిపోయినవాళ్ళ పేర్లు తేదీల వారీగా రాసుకుని, ఏటా ఆ రోజున చదివి ప్రార్థించేవారట. మా తద్దినాల్లాంటివే కదా అన్నాను. "అవును మేడమ్, భోజనాలతో సహా!" అని నవ్వారు.

అలాంటి పుస్తకం ఒకటి రాసింది గిస్లా అనే సన్యాసిని అని ఆయన వాదన. తోటి పండితులు ఏళ్ళ తరబడి ఎగతాళి చేశారు. సాక్ష్యం ఒక్కటే వాక్యం. కుర్రతనంలో దాన్ని చూసి కార్డు మీద రాసుకున్నారు. తర్వాత ఆ పుస్తకం వరద నీళ్ళలో పాడైపోయింది. కార్డు ఎటు పోయిందో తెలియదు, మాటలు గుర్తు లేవు. అది దొరికితేనే ఆయన చివరి పుస్తకంలో చివరి అధ్యాయం నిలుస్తుంది. పుస్తకం పంపడానికి వారమే ఉంది.

నా పని, ఆయన ఇన్నేళ్ళూ నోట్సు రాసుకున్న కార్డుల్ని చెప్పుల పెట్టెల్లోంచి ఒక్కోటీ తీసి, అక్షరం అక్షరం పైకి చదువుతూ కంప్యూటర్లో కొట్టడం. లాటిన్ నాకు ఒక్క ముక్క రాదు. చదివిన కార్డుని బిస్కెట్ డబ్బా మూతలో బోర్లా పెట్టేదాన్ని.

ఆ మధ్యాహ్నం బయట దుమ్ము గాలి. నా నడుం లాగేస్తోంది. ఆయనా కుర్చీలో వాలిపోయారు. "యల్లా మేడమ్, కానివ్వండి, ఇంకొక్కటి," అన్నారు నీరసంగా. తీశాను. గోధుమ రంగు సిరా, కుడివైపుకి వాలిన అక్షరాలు. పదో అక్షరం దగ్గర ఆయన చెయ్యెత్తి, "ఆపకండి," అన్నారు.

పూర్తయ్యాక మొహం కప్పుకుని ఏడ్చారు. "'ఈ పేర్లు రాసిన గిస్లాను కూడా తలచుకోండి' అని ఉంది మేడమ్."

అప్పుడే హెల్గా ఆఫీసు నుంచి వచ్చింది. ఫొటో తీద్దామని మూతలో పైకార్డు తీసి తిప్పింది. ఖాళీ. రెండు వైపులా ఖాళీ. అంతసేపూ నేను కుర్చీలోంచి లేవలేదు. గదిలోకి ఎవరూ రాలేదు. పెట్టెలన్నీ రెండుసార్లు వెతికాం. కంప్యూటర్లో మాత్రం వాక్యం ఉంది.

"వాడేసుకో నాన్నా, ఎవరికి తెలుస్తుంది?" అంది హెల్గా.

"నాకు తెలుస్తుంది. ఎక్కడ చూశావంటే ఏం రాయను? ఖాళీ అట్ట మీద అని రాయనా?"

ఆ అధ్యాయం మొత్తం తీసేయించారు. ఆ మీట నొక్కింది నేనే. వాక్యం ఒక్కటీ విడిగా దాచి ఉంచమన్నారు.

ఇంటికొచ్చి చెబితే మా వారు, "కునుకు తీస్తూ ఏదో వాగుంటావులే," అన్నారు. "రాని భాషలోనా అండీ?" అన్నాను.

పుస్తకం వచ్చిన కొన్నాళ్ళకి ప్రొఫెసర్ గారు కన్నుమూశారు. ఆ తర్వాత జర్మనీలో ఆయన శిష్యుడొకాయనకి, ప్రొఫెసర్ గారు అక్కడ వదిలొచ్చిన పాత కాగితాల్లో, వరదకి ముందు తీసిన ఆ పేజీ ఫొటో దొరికింది. అది హెల్గాకి పంపితే, నేను కొట్టిన వాక్యాన్ని పక్కన పెట్టి చూశాం. అక్షరం తేడా లేదు. ఆ అధ్యాయం ఇప్పుడు ఆ శిష్యుడు రాస్తున్నారు.

ఆ వాక్యం కంప్యూటర్లో కొట్టినావిడ దేన్ని చూసి చదివిందో కనుక్కోమని హెల్గాకి రాశారు. ఏం చెప్పను? ప్రొఫెసర్ గారు నేను కల్పించానని ఒక్కసారి కూడా అనలేదు, ఆ మంచితనానికి చేతులు జోడిస్తాను. నేను చూసే చదివాను. దేన్ని చూశానో మాత్రం నాకు తెలియదు.