నా గొంతులో నిషేధం

పలాసలో నాది మైకు ఆటో. చీరల కొట్టు తగ్గింపులు, అమ్మవారి సంబరాలు, ఏది చాటాలన్నా నన్నే పిలిచేవారు. నా గొంతు వినబడితే పిల్లలు ఆటో వెంట పరిగెత్తేవారు.

కరోనా వచ్చిన ఏడాది తహసీల్దారు ఆఫీసులో ఒక కాగితం ఇచ్చి, చదివి రికార్డు చేయమన్నారు. రాకపోకలు నిషేధం. దుకాణములు మూసివేయవలెను. సంతలు నిలుపుదల చేయడమైనది. శుభకార్యాలకు, అంత్యక్రియలకు జనం గుమికూడరాదు. ఎప్పటిలాగే గొంతు సవరించుకుని, పదం పదం స్పష్టంగా చదివాను. బాగుందని, చుట్టుపక్కల ఊళ్ళలో తిరిగే ఆటోలకీ నా రికార్డే ఇచ్చారు.

మర్నాటి నుంచి ఆ రికార్డు వేసుకుంటూ ఆటో తిప్పాను. జీడిపప్పు ఫ్యాక్టరీలు మూతబడ్డాయి. కాల్చిన జీడి గింజల ఘాటు లేని పలాసను అప్పుడే చూశాను. నా ఆటో మలుపు తిరిగేసరికి తలుపులు పడేవి. సంత దగ్గర వంకాయలు అమ్ముకునే ఒక ముసలమ్మ మాత్రం ఆటోకి అడ్డంగా నిలబడి, నిషేధమంటే ఒంటిపూటా, రోజంతానా అని అడిగింది. అసలు అమ్మకూడదని చెప్పాను. ఆమె గోనె మడిచి బుట్ట ఎత్తుకుంది.

ఇంటికెళితే నేనొక్కణ్ణే. తల్లికి బాగోలేదని నా భార్య అంతకుముందే కోటబొమ్మాళి దగ్గరున్న పుట్టింటికి వెళ్ళి అక్కడే చిక్కుకుంది. ఊరంతా తిరుగుతున్నానని ఇంటి ఓనరు నన్ను నూతి దగ్గరికి రావద్దన్నాడు. పక్కింటావిడ బిందెతో నీళ్ళు గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయేది. పగలంతా మైకులో నా గొంతే మోగేది, ఇంటికొచ్చాక మాట్లాడేందుకు మనిషి ఉండేవాడు కాదు.

ఒకరోజు పొద్దున్నే భార్య ఫోన్ చేసింది. వాళ్ళమ్మ పోయింది. ఆ ఊరి దారికి అడ్డంగా వెదుళ్ళు కట్టేశారు, ఎవరినీ వెళ్ళనివ్వడం లేదు. ఎందరిని బతిమాలినా ఒప్పుకోలేదు. ఆ రోజు కూడా ఆటో తిప్పాను.

కొన్నాళ్ళకి ఆ వైపు ఊళ్ళలో చాటమని నన్నే పంపారు. వాళ్ళ ఊరి మొగదలలో వెదుళ్ళ ముందు ఆటో ఆపాను. మైకు మోగుతూనే ఉంది. అది విని ఆమె వీధి చివర నుంచి నడుచుకుంటూ వచ్చి అవతల నిలబడింది. చిక్కిపోయింది.

"మా అమ్మని మొయ్యడానికి నలుగురు రానేదు. గుమిగూడొద్దని మైకులో నువ్వే సెప్పావు కదా," అంది. ఆ మాటలో కోపం లేదు. అందుకే తట్టుకోలేకపోయాను.

"ఆఫీసోళ్ళు రాసిచ్చింది సదివేనే," అన్నాను.

"తెలుసు. ముందా మైకు ఆపు మావా. నువ్వు మాట్లాడు."

ఆపేశాను. ఒక్కసారిగా ఊరంతా నిశ్శబ్దమైపోయింది. అన్నం తింటున్నావా అని మాత్రం అడగగలిగాను. ఆమె తలూపింది. వెదుళ్ళ దగ్గరి కాపలా మనిషి కేకేసేదాకా ఇద్దరం అలాగే నిలబడ్డాం.

ఆంక్షలు ఒక్కొక్కటే సడలించారు. ఆ సంగతి చాటడానికి నన్నెవరూ పిలవలేదు, కొట్లు వాటంతటవే తెరుచుకున్నాయి. వానలు పడ్డాక వెళ్ళి ఆమెను తీసుకొచ్చాను. ఆటోలో వెనక కూర్చుని, వాళ్ళమ్మ చివరి రోజుల్లో ఏమేం అడిగిందో పలాస దాకా చెబుతూనే ఉంది. నేను వింటూ నడిపాను.