దొరకని బంతి

గోల్ఫ్ క్లబ్బులో కలుపు తీసే ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నా, అందరికీ తెలిసింది మాత్రం డేగమ్మ ఒక్కతే. అసలు పేరేదో హాజరు పట్టీలో ఉండేది, అక్కడే ఉండిపోయింది. కొట్టిన బంతి ఎక్కడ పడిందో కొట్టినవాడికే అంతుపట్టనప్పుడు "డేగమ్మను పిలవండ్రా" అనేవారు. ఆమె వచ్చి నడుం మీద చేయి వేసుకుని అటూ ఇటూ చూసి, పొదలో చేయి పెట్టి తీసి ఇచ్చేది. ఇందులో మంత్రమేమీ లేదు. ఏళ్ళ తరబడి వంగి గడ్డిని చూసినవాళ్ళకి గడ్డి కానిది ఇట్టే కనబడుతుంది.

ఎవరూ వెతుక్కోకుండా వదిలేసిన బంతి మాత్రం దొరికినవాళ్ళదే. అది ఆ ఆడవాళ్ళ కట్టుబాటు. క్లబ్బువాళ్ళు కూడా చూసీ చూడనట్టు ఊరుకునేవారు. బంతి కనిపించడం, ఏప్రన్ జేబులో పడెయ్యడం, తల ఎత్తకుండా కలుపు తీస్తూ ముందుకి జరగడం, ఇంతే పని. వాటిని కడిగి దుకాణంలో ఇస్తే వచ్చిన నాలుగు డబ్బులతోనే ఆమె తమ్ముడికి బూట్లు కొనేది.

ఆ తమ్ముడంటే ఆమెకి ప్రాణం. తల్లి పోయేనాటికి వాడు చంటివాడు, చంకనెత్తుకుని పెంచింది. ఇప్పుడు ముప్పై దాటినా ఆమెకి వాడు చంటివాడే. అదే క్లబ్బులో ఆటగాళ్ళ సంచి మోసే క్యాడీగా చేస్తున్నాడు. నోరు మంచిది, నడక మంచిది, అదృష్టం మాత్రం ఎప్పుడూ పక్కింటి తలుపే తట్టేది.

ఆ ఏడు క్లబ్బులో పెద్ద టోర్నమెంటు పెట్టారు. డబ్బు కోసం ఆడే అసలుసిసలు ఆటగాళ్ళు వచ్చారు. గోడలకి రంగులు, దారి పొడుగునా తాళ్ళు, గేటు దగ్గర పూలకుండీలు, ఒకటే హడావిడి. తమ్ముడికి ఒక కుర్ర ఆటగాడి సంచి దక్కింది. రెండోరోజు సాయంత్రానికి సగంమందిని ఇంటికి పంపేస్తారు. "ఈ గండం గట్టెక్కితే ఏడాదంతా నువ్వే నా క్యాడీవి" అని అతను మాటిచ్చాడు. తమ్ముడు ఆ రాత్రి నిద్రే పోలేదు. డేగమ్మ కూడా పోలేదు.

ఆమెకీ ఒక తెల్లటోపీ, చేతినిండా చిన్న జెండాలు ఇచ్చి, మైదానం మలుపులో పొదల దగ్గర నిలబెట్టారు. "బంతి పడగానే చూడు, పక్కన జెండా పాతు, తప్పుకో. ముట్టుకోకు" అన్నాడు సూపర్‌వైజరు. "నాకా చెప్తున్నావు బాబూ!" అని నవ్వింది. ఆ నవ్వు తర్వాత ఎన్నిసార్లు గుర్తొచ్చిందో ఆమెకే తెలుసు.

మొదటిరోజు ఒక్క బంతి పోనివ్వలేదు. రెండోరోజు మధ్యాహ్నం తమ్ముడి ఆటగాడు కొట్టిన బంతి మలుపు దాటి వచ్చి పొదల్లో దూరింది. డేగమ్మ పరుగున వెళ్ళి గడ్డి పాయలు తీసింది. తెల్లగా కూర్చుని ఉంది. చెయ్యి వెళ్ళింది, తీసింది, జేబులో వేసింది. ఆ చేతికి ఇన్నేళ్ళుగా వచ్చిన పని అదొక్కటే. టోపీ కొత్తదే గానీ చెయ్యి పాతది కదా!

ఏం చేసిందో తెలిసేసరికి చెయ్యి మళ్ళీ జేబులోకి వెళ్ళింది. తీసి మళ్ళీ పెట్టేద్దామనుకుంది. మలుపు దగ్గర అప్పుడే జనం, కెమెరాలు. ఎవరైనా చూస్తే దొంగ అంటారు. దొంగ అక్క ఉన్నవాణ్ణి ఏ ఆటగాడు వెంట పెట్టుకుంటాడు? ఇలా అనుకుంటుండగానే తమ్ముడు సంచితో రొప్పుతూ వచ్చేశాడు.

"ఎక్కడక్కా?"

"కనబడలేదురా."

అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో! ఆ తర్వాత అందరూ వెతికారు. తమ్ముడు మోకాళ్ళ మీద పడి ముళ్ళలోకి చేతులు దూర్చాడు. తేలు కుట్టిన దొంగలా నోరెత్తలేక డేగమ్మ కూడా వంగి వెతికింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అని జనం నవ్వుతూ అంటారు. ఆ వెతుకులాటలో నవ్వేమీ లేదు. వంగినప్పుడల్లా జేబులో బంతి తొడకి కొట్టుకుంది.

నియమాలు చూసే పెద్దాయన వచ్చాడు. "ఎవరైనా పొరపాటున తీశారా?" అని తమ్ముణ్ణి అడిగాడు.

"అక్కడ నిలబడింది మా అక్కండీ! ఆవిడ ఉన్నచోట గడ్డిపరక కూడా పోదు. మా అక్క మీద ఒట్టు" అన్నాడు తమ్ముడు.

ఒక్క మాట చెబితే చాలు. ఆ ఒట్టు విన్నాక ఆమె మళ్ళీ పొదలోకే వంగింది. వెతకడానికి ఇచ్చే మూడు నిమిషాల గడువు అయిపోయింది. ఆటగాడు ఒక షాటు శిక్ష పడి, ముందు కొట్టిన చోటికే వెనక్కి వెళ్ళి మళ్ళీ కొట్టాడు. సాయంత్రం ఒక్క షాటు తేడాతో బయటికి పోయాడు. తమ్ముడి భుజం తట్టి, కారెక్కి వేరే ఊరు వెళ్ళిపోయాడు.

ఇంటికి వచ్చాక తమ్ముడు బూట్లు విప్పుకుంటూ, చేతుల మీద ముళ్ళ గీతలు చూసుకుంటూ అన్నాడు.

"ఆ పెద్దాయన ఎందుకలా అడిగాడో ఇందాకే తెలిసిందక్కా. పక్కనున్నవాళ్ళెవరైనా తీశారని తేలితే, ఉన్నచోటే మళ్ళీ పెట్టి ఆడనిస్తారట. శిక్షేమీ లేదట. తీసినవాళ్ళని కూడా ఏమీ అనరట. పోనీలే, మన ఖర్మ."

డేగమ్మకి తల తీసేసినట్టయింది. తమ్ముణ్ణి కాపాడాలనే దాచానని మధ్యాహ్నం నుంచీ తనకి తాను చెప్పుకుంటోంది. కాపాడింది తమ్ముణ్ణి కాదు, డేగమ్మ అన్న పేరుని. అది తెలిసి ఒళ్ళంతా చీదర పుట్టింది. లేచి జేబులోంచి బంతి తీసి వాడి ముందు బల్ల మీద పెట్టింది. దాని మీద నీలం చుక్కలు. ఆ పొద్దున గుర్తుకోసం తమ్ముడే పెట్టాడు.

వాడి మొహం వెలిగిపోయింది. "దొరికిందా! ఆట అయిపోయాక కూడా వెళ్ళి వెతికావా? పిచ్చిదానా, నా కోసమేనా? ఏ పొదలో ఉంది?"

ఏ పొద పేరు చెప్పినా వాడు నమ్ముతాడు. అందుకే ఆమెకి ఏడుపొచ్చింది.

"పొదలో లేదురా. నా జేబులో ఉంది. నువ్వు ముళ్ళలో వెతుకుతున్నప్పుడూ ఇక్కడే ఉంది."

తమ్ముడు బంతిని చేతిలోకి తీసుకుని, నీలం చుక్కల్ని బొటనవేలితో తడిమాడు. కోపం రాలేదు. వచ్చినా బాగుండేది.

"నేను నీ మీద ఒట్టు వేస్తుంటే పక్కనే నిలబడి విన్నావు కదక్కా" అన్నాడు.

డేగమ్మ తల ఎత్తలేదు. నేల మీద ఏదో పోగొట్టుకున్నదానిలా కిందకే చూస్తూ ఉండిపోయింది.