పాపను ఎత్తుకోని సాయంత్రం

పంపు మూత బిగిస్తుండగా ఫిట్టరమ్మ చేతి తొడుగు చిరిగింది. అరచేతికి తడి తగిలింది. ఆమె చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది.

ఆమె పనిచేసేది సంలీన (ఫ్యూజన్) యంత్రం ఉన్న ప్రయోగశాలలో. డ్యుటీరియం, ట్రిటియం అనే బరువైన హైడ్రోజన్లు విపరీతమైన వేడిలో కలిసిపోయినప్పుడు ఆల్ఫా కణాలు, న్యూట్రాన్లు పుడతాయి. ఆల్ఫాలు తమ వేడిని అక్కడే ఇచ్చేస్తాయి. న్యూట్రాన్లు మాత్రం బయటికి దూసుకొస్తాయి. వాటికి మందపాటి కాంక్రీటు గోడ అడ్డం ఉంది. వాటి దెబ్బ తిన్న ఉక్కు, యంత్రం ఆపాక కూడా గామా కిరణాలు విడుస్తుంది కనుక లోపలికి మనుషులు వెళ్ళరు. పంపుల గదిలో భయం వేరు. అక్కడ ఉండేది యంత్రంలో కలవకుండా మిగిలి, పంపులు బయటికి లాగే ట్రిటియం; అదీ రేడియోధార్మికమే.

భద్రతాధికారి ఆమె చెయ్యి కడిగించి, మూత్రం నమూనా తీయించాడు.

"ట్రిటియం విడిచే బీటా కణాలు చర్మం దాటి లోపలికి రాలేవమ్మా. కానీ ట్రిటియం కలిసిన నీళ్ళు ఒంట్లోకి ఇంకుతాయి. రేపు ఫలితం చెప్తాను. నీళ్ళు బాగా తాగు, పోతుంది."

"మా పాపని ఎత్తుకోవచ్చా సార్?"

"హాయిగా ఎత్తుకో."

తలూపి వచ్చిందే గానీ, గుమ్మంలో పాప పరుగెత్తుకు రాగానే కాళ్ళు వెనక్కి పడ్డాయి. "ఆగమ్మా, ఒళ్ళంతా నూనె" అని అబద్ధమాడింది. పాప మొహం చిన్నబోయింది.

అత్తగారు ఊరుకోలేదు. "ఏంటే ఈ వాలకం?"

ఫిట్టరమ్మ జరిగింది చెప్పింది. అత్తగారి చెయ్యి తనకు తెలియకుండానే పాప గ్లాసును కోడలికి దూరంగా జరిపింది. వెంటనే సిగ్గుపడి, "ఆ సారు ఏమన్నాడు?" అంది.

"ఎత్తుకోమన్నారు."

"మరి ఎత్తుకోవేం?"

"పిల్ల ఆయనది కాదుగా అత్తయ్యా!"

మర్నాడు అధికారి ఎదుట పాపకేమీ కాదుగా అని ఒకే ప్రశ్న తిప్పి తిప్పి అడిగింది. అతను విసుక్కోకుండా ప్రతిసారీ జవాబిచ్చాడు. బయటికి రాగానే ఇంటికి ఫోన్ చేసింది.

"కొంచెం ఒంట్లోకి వెళ్ళిందట అత్తయ్యా. ప్రమాదమేం లేదట. తగ్గేదాకా ఆ గదిలోకి పంపరట."

"అట, అట అంటావేంటే! నువ్వు నమ్మావా లేదా?"

"నమ్మానత్తయ్యా."

ఆ సాయంత్రం పాపను ఎత్తుకుంది. అన్నం తినిపించేదాకా దించలేదు. కొన్నాళ్ళకు ట్రిటియం తగ్గిందన్నారు. ఆమె మళ్ళీ పంపుల గదికి వెళ్ళింది. కానీ నమూనా ఇచ్చిన ప్రతిసారీ, ఫలితం వచ్చేదాకా పాప గ్లాసు ముట్టేది కాదు.