టైపు మాస్టారి పాత కీబోర్డు

కాశీబుగ్గలో మా టైపు మాస్టారు కళ్లు మూసుకుని, చప్పుడు వింటూ పాఠం చెప్పేవారు. నిద్రపోతున్నారని గిట్టనివాళ్లు అనేవారు. ఇన్‌స్టిట్యూట్ మూసేశాక, టకటకమని మోగే తన పాత కీబోర్డును ఇంటర్నెట్‌లో అమ్మకానికి పెట్టారు. ఆ మహానుభావుడు కొనడానికి వచ్చినవాళ్లకీ పరీక్ష పెట్టారు! టెక్కలి నుంచి బస్సెక్కి వచ్చినాయన్ని, రెండు వేళ్లతో కొట్టాడని ఉత్త చేతులతో పంపించేశారు. మూడు నెలలైనా అది అమ్ముడుపోలేదు.

చివరికి నేనే వెళ్లి కూర్చుని కొట్టాను. ఆయన కళ్లు మూసుకుని విని, మొహం చిట్లించారు.

“ఏటా కొట్టుడు? నీకు నేర్పినోడెవడు?”

“మీరే మాస్టారూ.”

ఆయన కళ్లు తెరిచారు. కీబోర్డుకి వైరు చుట్టి నా చేతిలో పెట్టారు.

“డబ్బులొద్దు, పట్టుకుపో. ఎవులు నేర్పారని అడిగితే మాత్రం నా పేరు సెప్పకు.”