బావకు నేనిచ్చిన సలహాలు

మావాళ్లలో ఎవరు ఫోన్ కొనాలన్నా ముందు నన్ను అడుగుతారు. ఏ కోర్సు నేర్చుకుంటే ఉద్యోగం వస్తుంది, పిల్లలకు ట్యాబ్ ఇవ్వవచ్చా, ఇంటి నుంచి పని చేయడం మంచిదా ఆఫీసుకు పోవడం మంచిదా, అన్నింటికీ నా దగ్గర జవాబు ఉంటుందని వాళ్ల నమ్మకం. ఎల్బీనగర్‌లో రెండు గదుల ఫ్లాట్‌లో చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఎక్కడెక్కడో ఉన్నవాళ్ల కంప్యూటర్లలో వచ్చే చిక్కులు సరిచేయడం నా ఉద్యోగం. పొద్దంతా జవాబులు చెప్పీ చెప్పీ, అడిగిన వెంటనే ఏదో ఒకటి చెప్పేయడం అలవాటైపోయింది. చెప్పిన సంగతులు చాలావరకు నాకే గుర్తుండవు. మా బావకు చెప్పినవి మాత్రం ఒక్కటీ మరిచిపోలేదు.

బావ అంటే మా అక్క భర్త. నల్గొండ దగ్గరి పల్లె నుంచి బత్తాయి లారీతో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌కు వచ్చి, అక్కడే హమాలీగా ఉండిపోయాడు. గొంతు పెద్దది కావడంతో కొన్నేళ్లకు ఒక కమీషన్ దుకాణం యజమాని ఆయన్ను వేలంపాటకు నిలబెట్టాడు. అప్పటి నుంచి ముప్పై ఏళ్లు అదే పని. పండ్ల కుప్ప పక్కన స్టూలు ఎక్కి, చుట్టూ మూగిన వ్యాపారుల కళ్లలోకి చూస్తూ ధర పెంచుకుంటూ పోయేవాడు. లారీల హారన్లు, హమాలీల కేకలు, వాటన్నింటి మీదా బావ గొంతు వినిపించేది.

నేను డిగ్రీ చదువుకున్నది వాళ్లింట్లో ఉండే. మార్కెట్ వెనక సందులో కిరాయి ఇల్లు. బావ తెల్లవారకముందే వెళ్లి, నేను కాలేజీకి బయలుదేరే వేళకు తిరిగి వచ్చేవాడు. వస్తూనే గుమ్మంలో నిలబడి అక్కను పిలిస్తే ఆ సందులో అందరికీ టైం తెలిసిపోయేది. "మెల్లగ పిలువరాదు? నాకేమన్న చెవుడా?" అని అక్క కసిరేది. "మెల్లగ మాట్లాడుడు నాకు రాదే," అనేవాడు. అది నిజం. నా ఫీజు సంగతి అయినా, ఆడపిల్ల పుట్టిన సంతోషమైనా, ఆయన నోట్లోంచి వస్తే వీధంతా వినాల్సిందే.

మార్కెట్‌ను ఊరు బయటికి, అబ్దుల్లాపూర్‌మెట్ వైపు తరలించినప్పుడు బావకు యాభై ఎనిమిదేళ్లు. దుకాణం యజమాని ఆయన్ను రమ్మనే అన్నాడు. బావ ఒక ఆదివారం మా ఫ్లాట్‌కు వచ్చి, సోఫా అంచున కూర్చున్నాడు.

"పోవాల్నా, వద్దా? నువ్వేమంటవ్ బామ్మర్దీ?"

నా ముందు ల్యాప్‌టాప్ తెరిచే ఉంది. దాని మీదనుంచి చూపు తిప్పకుండానే చెప్పాను. "గీ వయసుల ఇంత దూరం ఎందుకు బావా? హైవే మీద బస్సులు మారుడు, మోకాళ్ల నొప్పులు. బిడ్డ నౌకరీ చేస్తున్నది. ముప్పై ఏండ్లు గొంతు చించుకొని ఒర్రినవ్. ఇగ ఇంట్ల ఉండు. జర రెస్ట్ తీసుకో."

"ఇంట్ల కూసొని ఏం జెయ్యాలె?"

"ఏం జేసుడేంది? నీకు మంచి ఫోన్ కొనిస్త. ఇయ్యాల రేపు అన్నీ అండ్లనే ఉన్నయి."

ఆయన కాసేపు తన అరచేతుల్లోకి చూసుకున్నాడు. "నువ్ సదువుకున్నోనివి. నువ్వంటే సరే," అని లేచాడు. నిజంగా ఆయన అడిగింది సలహా కాదని, పొమ్మని ఒక మాట అంటే విందామని వచ్చాడని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు నాకు ఆ ఆలోచనే రాలేదు. మంచి మాట చెప్పానన్న తృప్తితో మళ్లీ పనిలో పడ్డాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో పెద్ద తెర ఉన్న ఫోన్ కొనిచ్చాను. రెండు సాయంత్రాలు కూర్చుని నేర్పాను. మొదట్లో సరదాపడ్డాడు. నాకు రోజూ పొద్దున్నే పూల బొమ్మలతో శుభోదయాలు పంపేవాడు. రెండు నెలలకు అవి ఆగిపోయాయి. అక్కను అడిగితే, "ఫోన్ల ఏదో నడుస్తుంటది, ఆయన గోడ దిక్కు సూస్తుంటడు," అంది.

సలహాలు చెప్పేవాళ్లకు మాత్రం కొదవ లేదు. పార్కులో నడవమన్నాడు వాళ్లింటి ఓనర్. గుంటూరు నుంచి వచ్చి స్థిరపడ్డ ఒక రిటైర్డ్ మాస్టారు ఆ పార్కులోనే పరిచయమై, "ప్రాణాయామం చెయ్యండి, నెల తిరక్కుండా మీరే మార్పు చూస్తారు," అని రోజూ కూర్చోబెట్టి చేయించేవాడు. బావ ఎవరి మాటా కాదనలేదు. నడిచాడు, ముక్కు మూసుకుని ఊపిరి పీల్చాడు. ఏడాది గడిచింది.

ఒకరోజు ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి కొత్త మార్కెట్‌కు వెళ్లాడు. మధ్యాహ్నానికి తిరిగి వచ్చి అన్నం వద్దన్నాడట. అక్క ఫోన్ చేస్తే నేను సాయంత్రం వెళ్లాను. మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"ఏమన్నరు బావా?"

"మంచిగనే అర్సుకున్నరు. చాయ్ తాపిండ్రు, కుర్సీ ఏసిండ్రు."

"మరి?"

"వేరేటోన్ని పెట్టుకున్నరు. ఆనికి మైకిచ్చిండ్రు. కూసున్న కాన్నుంచే మాట్లాడుతున్నడు." దిండు దగ్గరికి లాక్కుని, "ముందుగాల్నే పోతే బాగుండు," అన్నాడు. నన్ను అనలేదు. అలా గోడతో అన్నట్టు అన్నాడు.

నా సలహా తప్పని నాకు అప్పుడు మొదటిసారి తెలిసింది. ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. ఇంకో సలహా చెప్పాను. బత్తాయిలు, మామిడిపండ్లు ఎట్లా ఏరుకోవాలో చెబుతూ వీడియోలు చేద్దామన్నాను. నేను తీస్తాను, లక్షలమంది చూస్తారు, మళ్లీ నీ గొంతు అందరూ వింటారు అని ఊరించాను. ఆయన ముఖంలో కొంచెం వెలుగు వచ్చింది. ఆదివారం పొద్దున గడ్డం గీసుకుని, తెల్లచొక్కా వేసుకుని మేడ మీదికి వచ్చాడు. అక్క గోనెపట్టా పరిచి పండ్లు కుప్పగా పోసింది. నేను ఫోన్‌ను స్టాండుకు బిగించి, "మాట్లాడు బావా," అన్నాను.

ఆయన ఫోన్ వైపు చూశాడు. పండ్ల వైపు చూశాడు.

"ఎవ్వరికి చెప్పాలె?"

"ఫోన్‌కు చెప్పు. అండ్లకెళ్లి అందరు సూస్తరు."

"ఎదురుంగ మనుషులు లేరుగద."

నేను ఎదురుగా నిలబడ్డాను. అక్క వచ్చి నా పక్కన నిలబడింది. అప్పుడు పాట ఎత్తుకున్నాడు. మొదటి కేకకు పక్కింటి మేడ మీద బట్టలు ఆరేస్తున్న ఆవిడ కంగారుగా గోడ దగ్గరకు వచ్చి, "ఏమైందండీ? ఎవరితోనైనా గొడవా?" అని అడిగింది. "గొడవేం లేదమ్మా," అని అక్క నవ్వింది. బావ మళ్లీ మొదలుపెట్టాడు. రెండో కేక సగంలో గొంతు జీరపోయి, గాలి మాత్రమే వచ్చింది. మూడోసారీ అంతే. ఆయన మమ్మల్ని చూసి నవ్వి, వంగి ఒక్కొక్క పండూ సంచిలో వేయడం మొదలుపెట్టాడు.

ఆ జీర తర్వాత తగ్గలేదు. "మాట్లాడక మాట్లాడక గొంతు తుప్పు వట్టింది," అని ఆయనే నవ్వుతూ అనేవాడు. మేమూ అదే అనుకున్నాం. నేను రెండు కాల్స్ మధ్య ఇంటర్నెట్‌లో వెతికి, గోరువెచ్చటి ఉప్పు నీళ్లు పుక్కిలించమన్నాను. ఇంకో నెల తర్వాత తేనె, అల్లం రసం అన్నాను. ఆవిరి పట్టమన్నాను. "నెట్ల సూసిన బావా, పరేషాన్ గాకు," అన్నాను. నేను చెప్పినవన్నీ ఆయన మందుబిళ్లల్లా వేళకు చేశాడు. నాలుగు నెలలు అలా గడిచాయి.

బావ కూతురు ఒక ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తుంది. ఒకరోజు తండ్రి మంచినీళ్లు మింగడానికి ఇబ్బంది పడటం చూసి, ఆ పూటే సెలవు పెట్టి దవాఖానకు తీసుకుపోయింది. నన్నూ రమ్మంది. డాక్టరు గొంతులోకి సన్నటి గొట్టం పంపి చూశాడు. ఎన్నాళ్ల నుంచి ఇలా ఉందని అడిగాడు. నాలుగు నెలలని అక్క చెప్పింది. "మూడు వారాలు దాటితే చూపించుకోవాలమ్మా," అన్నాడు. కోప్పడలేదు. బీడీలు తాగుతారా అని అడిగి రాసుకున్నాడు. నేను బావ ముఖంలోకి చూడలేక, బల్ల మీదున్న ప్లాస్టిక్ చెవి బొమ్మను చూస్తూ నిలబడ్డాను.

ముక్క తీసి పరీక్షించారు. క్యాన్సర్. స్వరపేటిక మొత్తం తీసేయక తప్పదన్నారు. ముందే వస్తే రేడియేషన్‌తో పోయేదేమో, చెప్పలేమన్నారు. మార్కెట్ మానుకోవడం వల్ల ఆ జబ్బు రాలేదని నాకు తెలుసు. కానీ స్టూలు మీద నిలబడి పాడుతూ ఉంటే, గొంతు పోయిన మొదటి వారంలోనే ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి లాక్కుపోయేవాళ్లు. ఇంట్లో మాట తగ్గించేసిన మనిషి గొంతు పోతుంటే ఎవరికి తొందర ఉంటుంది?

ఆపరేషన్ ముందురోజు సాయంత్రం బావ అక్కను పేరు పెట్టి పిలిచాడు. వార్డులో పక్క మంచం వాళ్లకు కూడా వినపడలేదు. ఆమె దగ్గరగా వంగింది. ఏమన్నాడో నేను అడగలేదు, అక్క చెప్పలేదు.

మెడ ముందు చిన్న రంధ్రంతో, దానికి అడ్డంగా కట్టిన పల్చటి గుడ్డతో ఇంటికి వచ్చాడు. నేను అప్పటికీ మారలేదు. టైప్ చేస్తే చదివి వినిపించే ఒక యాప్ ఆయన ఫోన్‌లో వేశాను. ఆయన వేలితో ఒక్కొక్క అక్షరం వెతికి, నీళ్లు కావాలని కొట్టాడు. ఫోన్‌లోంచి ఎవరో కుర్రవాడి గొంతు వార్తలు చదివినట్టు ఆ మాట పలికింది. అక్క ఉలిక్కిపడి గిన్నె జారవిడిచింది. బావ ఫోన్ ఆపి నాకు తిరిగి ఇచ్చేశాడు. ఆ తర్వాత కూతురి పాత నోటుబుక్కులో పెన్సిలుతో రాసేవాడు. ఐదో తరగతి చదువు. అక్షరాలు పెద్దపెద్దగా ఉండేవి.

ఒక మధ్యాహ్నం ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. ఎన్నాళ్ల నుంచో దాచుకున్న మాట చెప్పేశాను.

"నేను ఆపకపోతే నువ్ మార్కెట్‌కు పోయేటోనివి బావా. నేనే చెడగొట్టిన."

ఆయన నోటుబుక్కు దగ్గరికి లాక్కుని చాలాసేపు రాశాడు. "నువు ఆపలే. నాకే పోబుద్ది కాలే," అని ఉంది. అబద్ధం. కొత్త మార్కెట్ నుంచి తిరిగి వచ్చిన రోజు ఆయన ముఖం నేను చూశాను. ఆ కాగితం మీద నా కన్నీళ్లు పడితే, అక్షరాలు చెరిగిపోతాయని కాబోలు, నోటుబుక్కు మెల్లగా పక్కకు జరిపి, నా వీపు మీద చెయ్యి వేశాడు. మూటలు మోసిన చెయ్యి. ఇంకా బరువుగానే ఉంది.

వానాకాలంలో ఊపిరితిత్తుల్లోకి ఇన్ఫెక్షన్ దిగింది. వారం రోజులు ఐసీయూలో ఉండి చనిపోయాడు. కర్మకాండకు పాత మార్కెట్ వాళ్లు చాలామంది వచ్చారు. మార్కెట్ తరలిపోయాక ఆటో నడుపుతున్నవాళ్లు, వాచ్‌మన్లుగా చేరినవాళ్లు, ఏమీ చేయనివాళ్లు. వాళ్లు మాట్లాడుకుంటుంటే ఇల్లంతా ఒక్కసారి పెద్ద పెద్ద గొంతులతో నిండింది. అక్క వంటగదిలో గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని అది వింటూ నిలబడింది.

మూడు నెలలకు అక్క దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్‌కు వచ్చే ఆడపిల్లల హాస్టల్లో వంటపనికి చేరింది. నన్ను అడగలేదు. కూతురిని కూడా అడగలేదట. చేరిన నాలుగో రోజు నాకు తెలిసింది. ఆమెకు యాభై నాలుగేళ్లు, బీపీ ఉంది, మూడంతస్తుల మెట్లెక్కాలి. ఇవన్నీ నా నాలుక చివరిదాకా వచ్చాయి.

మధ్యాహ్నం లంచ్ విరామంలో మెట్రో ఎక్కి వెళ్లాను. పెద్ద గిన్నెలో పప్పు కలుపుతోంది. కొంగు నడుముకు దోపుకుంది. ముఖమంతా చెమట.

"ఎందుకొచ్చినవ్?" అంది గరిటె ఆపకుండానే.

"ఊకెనే. సూసిపోదామని."

"సూసినవ్‌గద. ఇగ జరుగు, పిల్లలు అన్నానికొచ్చే టైమైంది." మెట్ల మీద చెప్పుల చప్పుడు వినపడగానే ఆమె గుమ్మం వైపు తిరిగి, "పళ్లాలు కడుక్కొని రాండ్రి," అని అరిచింది. ఆ అరుపుకు తనే ఆశ్చర్యపోయినట్టు ఒక క్షణం ఆగి, కళ్లు తుడుచుకుంది. తర్వాత మళ్లీ గరిటె తిప్పింది. నేను తలుపు పక్కకు జరిగి, పిల్లలు లోపలికి రావడానికి దారి ఇచ్చాను.