మూడో సంచి తోటకూర

మధ్యాహ్నం కరెంటు పోతే నేను కుట్టు మిషను మీద నుంచి చేతులు తీసేసి ఊరికే కూర్చుంటాను. ఫ్యాను ఆగుతుంది. పక్కింటి టీవీ ఆగుతుంది. అప్పుడు నా గుండెలోంచి టిక్ టిక్‌మని చప్పుడు వినిపిస్తుంది. డాక్టర్లు లోపల పెట్టిన వాల్వు చప్పుడు అది. కొత్తలో దానికి ఉలిక్కిపడేదాన్ని కానీ, ఇప్పుడు దాని మీద నాకు ధ్యాస లేదు. దాని పక్కన రెండోది వినిపిస్తుందేమోనని చెవి ఒగ్గుతాను. వినిపించదు. ఇన్నేళ్ళయినా కరెంటు పోయినప్పుడల్లా నేను చేసే పని ఇదే.

చిన్నప్పుడు నాకు కీళ్ళ జ్వరం వచ్చింది. తగ్గిపోయిందని ఇంట్లో అందరూ మరిచిపోయారు. అది మాత్రం నన్ను మరిచిపోలేదు. ముప్పై ఆరేళ్ళకి బావి దగ్గర నుంచి బిందె తెచ్చేసరికే ఆయాసం మొదలైంది. ఏలూరు డాక్టరుగారు గొట్టం పెట్టి విని, వాల్వు మార్చాలి, హైదరాబాద్ వెళ్ళమన్నారు. అక్కడ వార్డులో నా పక్క మంచం మీద ఉన్న మనిషే ఆ రెండో చప్పుడు.

తను కొల్లేటి లంక ఊరి కోడలు. పుట్టిల్లు గూడెం దగ్గర పెంటపాడు. నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నది. అదే జబ్బు, అదే వాల్వు, ఒక్క రోజు తేడాతో ఇద్దరికీ ఆపరేషను. నాకు తోడుగా వచ్చిన మా చెల్లెలు నన్ను ఆపా అని పిలుస్తుంటే విని తనూ ఆపా అనడం మొదలుపెట్టింది. ఆపా అంటే అక్క అని చెప్పబోయాను.

"తెలుసండి. పిలుపులోనే తెలుస్తోందిగా" అంది.

వార్డు సద్దుమణిగినప్పుడు ఇద్దరి చప్పుళ్ళూ వినిపించేవి. "మీదే ముందు పరిగెడుతోంది ఆపా, నాది పల్లెటూరిది కదండీ, నెమ్మది" అనేది. నవ్వితే ఛాతీ మీది కుట్లు లాగేవి. అయినా నవ్వించేది.

బతికున్నన్నాళ్ళూ రక్తం పల్చబడే మాత్ర వేసుకోవాలన్నారు. రోజూ సాయంత్రం ఒకే వేళకి వేసుకోవాలి. నెలకోసారి రక్తపరీక్ష చేయించుకోవాలి. అందులో వచ్చే అంకె రెండున్నరకి తగ్గితే వాల్వు దగ్గర రక్తం గడ్డ కడుతుంది, మూడున్నర దాటితే కారే రక్తం ఆగదు. ఆ రెండింటి మధ్య సందులోనే ఇక మా బతుకు.

నేనేమో జాకెట్లు కుట్టే మనిషిని. పొద్దున లేస్తే సూదీ కత్తెరే. వేలికి సూది గుచ్చుకుంటే దూది అదిమి పట్టుకుని ఇరవై నిమిషాలు కూర్చోవాలి. బస్సులో సీటు కమ్మీ తగిలితే చాలు, మోచేతి మీద వంకాయ రంగు మచ్చ తేలేది. ఆ మచ్చలు చూసి పక్కింటావిడ మా ఆయన్ని కొన్నాళ్ళు అనుమానంగా చూసింది. పాపం, ఆయన నా మీద గొంతు కూడా ఎత్తడు. ఎత్తేదాన్ని నేనే. ముక్కు మీద కోపం నాకు. చేతి పొడవు తప్పు చెప్పి తర్వాత గొడవ పెట్టుకునే బేరాలను ముఖం మీదే దులిపేస్తాను. ఇది ఇప్పుడే ఎందుకు చెబుతున్నానంటే, నాకు నోరు లేక జరిగింది కాదు జరిగింది.

నేను మాత్ర వేసుకున్న రోజుని క్యాలెండరులో కొట్టేసేదాన్ని. తన పద్ధతి వేరు. మాత్రల అట్ట వెనక బాల్‌పెన్నుతో ఒక్కో మాత్రకీ వారం రాసేది. సో, మం, బు అని వరసగా. ఖాళీ అయిన అట్టలు కూడా బిస్కెట్ల డబ్బాలో దాచేది.

నెలకోసారి పరీక్ష కోసం బస్సెక్కి ఏలూరు వచ్చేది. మా ఇద్దరికీ ఒకే ల్యాబు, ఒకే డాక్టరుగారు. వస్తూ వస్తూ కొరమీనో, పరిగెలో తెచ్చేది. వాళ్ళింట్లో చేప లేని పూట లేదు. అంకె ఎప్పుడూ నాకంటే తనకే కుదురుగా వచ్చేది. పరీక్ష అయ్యాక మా ఇంట్లో భోంచేసి, కొత్త జాకెట్టు కొలతలు ఇచ్చి వెళ్ళేది. మెడ కింద నుంచి నిలువునా ఉన్న కుట్ల గీత కనపడకుండా మూసిన మెడ పెట్టి కుట్టేదాన్ని. తనకీ అంతే, నాకూ అంతే.

కొల్లేట్లో ప్రభుత్వం చేపల చెరువుల గట్లు కొట్టించిన ఏడాది వాళ్ళాయనకి వాటా ఉన్న చెరువు కూడా పోయింది. పొక్లెయిన్లు గట్టు తెంచుతుంటే నిలబడి చూశారట ఇద్దరూ. అంతకు ముందు కార్తీకంలో సోమవారాలు మాత్రమే నీసు మానేది. ఆ ఏడాది నెల పొడుగునా ముట్టనని మొక్కుకుంది, ఇల్లు మళ్ళీ నిలబడాలని.

ఆ ఏడాది రంజాను వెళ్ళడం, కార్తీకం రావడం ఒక్కసారే జరిగాయి. రంజానులో తను పరీక్షకి వచ్చినప్పుడు నేను ఉపవాసంతో ఉన్నాను. అంత ఎండలో బస్సు దిగి వచ్చిన పిల్ల మా ఇంట్లో గుక్కెడు నీళ్ళు తాగలేదు. "మీరు తాగనప్పుడు నాకెందుకండీ" అంది. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, "మాత్ర మాత్రం మరిచిపోకండి ఆపా" అని ఊరుకుంది. ఉపవాసం వద్దని ఒక్క మాట అనలేదు. అనాలని ఉన్నట్టు ముఖంలో కనపడుతూనే ఉంది.

అందుకని తన కార్తీకం వచ్చేసరికి నేనూ అంత మర్యాదగానే ఉండాలనుకున్నాను. నీసు వండే ఇంట్లో ఆ నెల తను భోంచెయ్యదు. ఆ మాట తన నోటితో చెప్పే ఇబ్బంది పడకూడదని నేనే అడగడం మానేశాను. వండని కూరకైతే పట్టింపు ఉండదు కదా. మా పెరట్లో కుళాయి పక్కన తోటకూర, సిమెంటు తొట్లలో బచ్చలి ఉండేవి. స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని కోసేదాన్ని. జాకెట్టు ముక్కలు అతికి కొత్త సంచులు కుట్టి, వాటిలో పెట్టి వాళ్ళాయన ఏలూరు వచ్చినప్పుడు పంపేదాన్ని. మొదటి వారం ఒకటి, రెండో వారం ఒకటి. ఆకుకూర తింటే రక్తం పడుతుందని అందరం అనుకునేదే. ఫోన్ చేసి సంబరపడింది.

"రెండు పూటలా అదేనండి ఆపా. ఈ నెల నన్ను మీ పెరడే పోషిస్తోంది."

మర్నాడు నా పరీక్ష. అంకె బాగానే వచ్చింది. ఆ హుషారులో తోటకూర సంగతి డాక్టరుగారికి గొప్పగా చెప్పాను. ఆయన రాస్తున్న కలం ఆపేశారు.

"ఆకుకూర ఆ మాత్రకి విరుగుడమ్మా. రోజూ తినే కొలతలో తింటే పరవాలేదు, దానికి తగ్గట్టు మేం డోసు సరిపెడతాం. ఇలా ఒక్కసారిగా పెంచేస్తే మందు పని చెయ్యదు. ఆవిడ ఈ నెల టెస్టుకి కూడా రాలేదు. కూర తగ్గించి వెంటనే రమ్మని చెప్పండి."

"అలాగేనండి" అన్నాను.

రెండు రోజులకి తనే వచ్చింది. కార్తీకం వెళ్ళాక ఆడపడుచు పెళ్ళి, దానికి జాకెట్టు గుడ్డ తెచ్చింది. కొబ్బరి బొండం కొట్టించి ఇచ్చాను. మెడలోంచి టేపు తీసి తన చేతి కొలత తీస్తుంటే కరెంటు పోయింది. ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. ఒక్క చప్పుడే వినిపించింది. నాది.

"ఏమ్మాయ్, నీది వినపడట్లేదే?" అన్నాను.

"మీ నోటికి జడిసి నోరు మూసుకుని ఉంటుందండి" అంది.

ఇద్దరం నవ్వుకున్నాం. వాల్వు మీద గడ్డ పేరుకుంటే చప్పుడు అణిగిపోతుందని అప్పటికి నాకు తెలియదు. అది తెలియదు సరే, తోటకూర సంగతి తెలుసు.

చెబుదామనే నోరు తెరిచాను. ఏమని చెప్పాలి? ఆకుకూర మానెయ్యమంటే, చేప తినమన్నట్టు కాదూ? ఒక తురక మనిషి, కార్తీకంలో, మొక్కుకున్న పిల్లతో ఆ మాట అనడమా? తను ఏమీ అనుకోదు. వాళ్ళ అత్తగారు మాత్రం "మా కార్తీకం సంగతి ఆవిడకెందుకు?" అంటుంది. ఆ మాట ఎలాగో నా చెవిన పడుతుంది. మర్యాద తెలిసిన మనిషినని నాకున్న పేరు పోతుంది. పైగా నా ఉపవాసం జోలికి తను రాలేదు కదా, తన మొక్కు జోలికి నేనెలా వెళ్ళను? ఇలాగే ఏవేవో అనుకున్నాను. ఇంక పదకొండు రోజులేగా, అంతలో ఏమవుతుందిలే అని కూడా అనుకున్నాను.

"వచ్చావుగా, ఆ టెస్టు చేయించుకుని పోరాదూ" అన్నాను చివరికి. ఆ మాత్రమే అన్నాను.

"కార్తీకం వెళ్ళనివ్వండి ఆపా, వస్తాను" అంది.

అలవాటుగా పొద్దున్నే కోసి పెట్టిన మూడో సంచి గుమ్మం పక్కన ఉంది. డాక్టరుగారి మాట విన్న చెవులతోనే, తెలిసి తెలిసి, దాన్ని నా చేత్తో తన చేతికి ఇచ్చాను. తను కళ్ళకద్దుకుని తీసుకుంది.

కార్తీకం ఆఖరి సోమవారానికి పెంటపాడు వెళ్ళింది. పొద్దున కాలవలో స్నానం చేసి వచ్చి కాఫీ గ్లాసు పట్టుకుంటే చేతిలోంచి జారిపోయిందట. మూతి పక్కకి పోయిందట. గూడెం ఆస్పత్రికి, అక్కడి నుంచి ఏలూరుకి తీసుకొచ్చారు. నేను వెళ్ళేసరికి కుడి పక్క పడిపోయి ఉంది, మాట లేదు. నన్ను చూసి ఎడమ చేత్తో నా గుండె మీద తట్టింది. తర్వాత తన గుండె మీద తట్టుకుని, లేదన్నట్టు చెయ్యి తిప్పింది. నవ్వబోయింది. సగం పెదవే కదిలింది. ఆరో రోజున పోయింది.

పలకరింపుకి వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట. మాత్రలు మానేసి ఉంటుంది, చదువు లేని పిల్ల, అశ్రద్ధ. వాళ్ళ అత్తగారు, "నెల నెలా పరీక్షలు చేయించి ఏం లాభమండీ, మింగాలి కదా" అని ఏడ్చింది. వాళ్ళాయన తల దించుకుని ఊ కొట్టాడు. నేను తల మీద ముసుగు సర్దుకుని ఓ మూల కూర్చున్నాను. అప్పుడు కూడా నోరు విప్పలేదు. సిగ్గుతో చచ్చిపోయాను, కానీ విప్పలేదు.

దినవారాలయ్యాక వాళ్ళాయన మా ఇంటికి వచ్చాడు. చేతిలో నేను కుట్టిన సంచి, ఉతికి మడత పెట్టిన గుడ్డలా శుభ్రంగా ఉంది. అందులోంచి బిస్కెట్ల డబ్బా తీసి నా ముందు పెట్టాడు.

"అదే మాత్ర కదండీ అక్కగారూ. పారెయ్యబుద్ధి కాలేదు. మీరు వాడుకుంటారని."

మూత తీశాను. ఖాళీ అట్టలు ఒక పక్క, వాడనివి ఒక పక్క. పైన సగం వాడిన అట్ట ఉంది. వెనక్కి తిప్పాను. శనివారం రేకు చిరిగి ఉంది. ఆదివారం చిరిగి ఉంది. సోమవారం మాత్ర అలాగే ఉంది.

"ఒక్క రోజు కూడా మానలేదండీ తను, ఇదిగో చూడండి" అన్నాను. తర్వాత అంతా చెప్పేశాను. డాక్టరుగారు అన్నది, నేను అలాగేనన్నది, మూడో సంచి ఇచ్చింది.

అతను ఆ అట్టని చాలాసేపు చూశాడు. వేలితో ఆ అక్షరాలు తడిమాడు. నేను తిట్ల కోసం కాచుకుని కూర్చున్నాను.

"మీరు చెప్పినా వినేది కాదులెండి" అన్నాడు మెల్లగా. మంచినీళ్ళు తాగి, గ్లాసు జాగ్రత్తగా కింద పెట్టి, "వెళ్ళొస్తానండి" అన్నాడు.

క్షమించి అన్నాడో, మర్యాదకి అన్నాడో నాకు ఈనాటికీ తెలియదు. మా వైపు మనుషులం ఇంతే, చావు ఎదురుగా ఉన్నా ఎదుటివాళ్ళని నొప్పించం. ఆ రోజు అతను నన్ను నోటికొచ్చినట్టు తిడితే బాగుండేది. ఆ మాత్రలు నేనే వేసుకున్నాను. సోమవారం కోసం ఆగి, తను సో అని రాసిన దానితో మొదలుపెట్టాను. ప్రతి సాయంత్రం తన చేతిరాత చూసి మింగేదాన్ని. అవి అయిపోయిన రోజు కొత్త అట్ట తెచ్చుకుని, వెనక నేనే వారాలు రాసుకున్నాను. ఇప్పటికీ రాసుకుంటున్నాను.

మరుసటి కార్తీకంలో ల్యాబు బల్ల మీద నా పక్కన ఒకావిడ వచ్చి కూర్చుంది. మెడ దాకా మూసిన జాకెట్టు. చేతిలో వాల్వు వేసినవాళ్ళకిచ్చే కార్డు. పలకరిస్తే, ఆపరేషను అయి నాలుగు నెలలైందంది. ఈ నెలంతా నీసు లేదని, అంతా ఆకుకూరలేనని సంతోషంగా చెప్పింది.

"ఆ మాత్ర వేసుకునేవాళ్ళు ఆకుకూర అలా ఒక్కసారిగా పెంచకూడదండి. లోపలికి వెళ్ళగానే డాక్టరుగారికి ఈ మాట చెప్పండి" అన్నాను.

ఆవిడ నా ముసుగు వైపు చూసింది. ముఖం ముడుచుకుంది.

"మా కార్తీకం సంగతి మీకెందుకండీ?" అంది.

అదే మాట. ఏడాది కిందట తన అత్తగారు అంటుందని నేను భయపడిన మాట, ఇప్పుడు నా ముఖం మీదే వచ్చింది. నా చెవులు వేడెక్కాయి. బల్ల మీద ఉన్న నలుగురూ నా వైపు చూశారు, తర్వాత ఎవరి కాగితాలు వాళ్ళు చూసుకున్నారు. అంతే. వేలికి సూది గుచ్చుకుంటే దూది పట్టుకునేంత సేపు కూడా పట్టలేదు ఆ నొప్పి తగ్గడానికి.

ఆవిడ పేరు పిలిచారు. లేచి లోపలికి వెళ్ళింది. తలుపు పూర్తిగా మూసుకోలేదు.

"ఏవండీ డాక్టరుగారూ, బయట ఒకావిడ ఏదో అంటోంది, ఆకుకూరలు..." అని వినిపించింది.

ఇంతేనా, అనుకున్నాను. ఈ ఒక్క మాట పడలేకనా నేను తనని పోగొట్టుకున్నది. బల్ల మీద కూర్చుని, అందరూ చూస్తుండగానే, ముసుగులో ముఖం దాచుకుని ఏడ్చాను.